నానిందా, నానలేదా? దీవి మొక్కల విత్తనాలపై పాఠకుల ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఏ కొత్త అపార్ట్‌మెంట్ గేటు దగ్గర చూసినా కనిపించే బాటిల్ పామ్ మారిషస్ పక్కనున్న ఒక చిన్న దీవి చెట్టు. ఎండాకాలం రోడ్లన్నీ ఎర్రగా చేసే తురాయి మడగాస్కర్‌ది. వీటి గింజల గురించీ, సొంత దీవుల్లో అంతరించే దశకు చేరిన వీటి చుట్టాల గురించీ వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే ఫిర్యాదు: "వేశాం, రాలేదు." వాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబులు.

ప్రశ్న: మా గేటు పక్కన రెండు బాటిల్ పామ్ చెట్లున్నాయి. సంక్రాంతికి గుత్తి కోసి అరవై కాయలు కుండీల్లో పెట్టాం. ఏప్రిల్ వచ్చినా ఒక్కటీ మొలవలేదు. తవ్వి చూస్తే కొన్ని బూజు పట్టాయి, కొన్ని రాయిలా అలాగే ఉన్నాయి. ఏం తప్పు జరిగింది?
(సైనిక్‌పురి)

జవాబు: మీ ఉత్తరంలో "కోసి" అన్న మాట దగ్గరే మా అనుమానం. ఆకుపచ్చగా ఉండగా గుత్తి మొత్తం కోస్తే లోపల గింజ గట్టిగానే ఉంటుంది గానీ పిండం, అంటే మొక్కగా మారే భాగం, ముదిరి ఉండదు. కాయ నారింజ రంగు దాటి నల్లబారి, చేత్తో తాకితే రాలాలి. చెట్టు కింద పాత చీర కట్టి, రాలినవి ఏరుకోవడం అన్నిటికంటే మేలు.

రెండో తప్పు కాయను కాయగానే నాటడం. గుజ్జు తీయకపోతే అది పులిసి బూజుకు మేత అవుతుంది, గింజనూ ఆలస్యం చేస్తుంది. కాయల్ని రెండు మూడు రోజులు నీళ్లలో వేసి, రోజూ నీళ్లు మార్చి, గోనెసంచి ముక్కలో ఇసుకతో కలిపి రుద్దండి. గింజ శుభ్రంగా బయటికి రావాలి. చేతికి గ్లౌజులు ఉండాల్సిందే. కొన్ని తాటి జాతుల గుజ్జులో, ముఖ్యంగా మన జీలుగలో, సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. ఒకసారి చర్మానికి తగిలితే రోజంతా దురద.

మూడోది చలి. తాటి కుటుంబంలో చాలావాటికి గింజ రాలేనాటికి పిండం చాలా చిన్నది. గట్టి తెల్లటి అంకురచ్ఛదంలో, అంటే మొలకకు తిండి దాచిన భాగంలో, ఒక మూల చిన్న పుల్లలా ఉంటుంది. అది లోపలే పెరిగి, మూతను తోసుకుని బయటికి రావాలి. ఆ పెరుగుదలకు కావలసింది 30 డిగ్రీల అటూ ఇటూ వెచ్చదనం, అది కూడా వారాల తరబడి. జనవరిలో మన దగ్గర రాత్రులు 15 డిగ్రీలకు, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతాయి. మీ గింజలు చావలేదు, ఆగాయంతే. రాయిలా ఉన్నవాటిని పారేయకండి.

కుండీ బదులు జిప్‌లాక్ కవరు వాడండి. కడిగిన కోకోపీట్ (కొబ్బరి పొట్టు) రెండు పాళ్లు, పెర్లైట్ (తేలికైన తెల్ల రాతి గుళికలు) ఒక పాలు. గుప్పెట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. గింజలు ఒకదానికొకటి తగలకుండా కలిపి, కవరు మూసి, ఎండ తగలని వెచ్చటి అరలో పెట్టండి. ఇన్వర్టర్ ఉన్న అర బాగా పనికొస్తుంది. వారానికోసారి తెరిచి గాలి మార్చి, మెత్తబడినవి తీసేయండి. మూడు నెలలు పట్టడం మామూలు. ఆరు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు. గింజ పక్కన చిన్న బొడిపె లేచి దాంట్లోంచి వేరు కనబడగానే కవర్లోంచి తీసి నర్సరీ సంచిలోకి మార్చండి. వేరు రెండంగుళాలు దాటాక తీస్తే పుటుక్కున విరుగుతుంది. గింజను మొక్క నుంచి ఊడబీకకండి, తిండంతా ఇంకా అందులోనే ఉంటుంది.

ఈ చెట్టు సొంతూరు రౌండ్ ఐలండ్. మేకలు, కుందేళ్లు మొలకల్ని మేసేయడంతో ఒక దశలో అక్కడ పెద్ద చెట్లు వేళ్ల మీద లెక్కించేటన్నే మిగిలాయి. 1979 నాటికి మేకల్ని, 1986లో కుందేళ్లను తొలగించాకే మొలకలు నిలిచాయి. అయితే మన కాలనీల్లో రోడ్రిగ్స్ దీవికి చెందిన స్పిండిల్ పామ్ కూడా పక్కనే నాటుతారు. ఇవి రెండూ సులువుగా సంకరమవుతాయి. కాబట్టి మీ మొక్కలు గేటు అందానికి సరే, జాతి రక్షణ ఖాతాలో వేయలేం.

ప్రశ్న: తురాయి గింజల్ని రాత్రంతా నానబెడితే చాలని ఒకరు, మరిగే నీళ్లు పోయాలని ఇంకొకరు. హవాయిలో ఉన్న మా అమ్మాయి అక్కడి నర్సరీలో సెలవు రోజుల్లో పనిచేస్తుంది. పసుపు మందారం గింజలకు ఏం చేయాలని అడుగుతోంది. రెండింటికీ ఒకటే పద్ధతా?
(వనస్థలిపురం)

జవాబు: పద్ధతి తర్వాత, ముందు పరీక్ష. ఏ గింజకైనా అడగాల్సిన మొదటి ప్రశ్న: నీళ్లు లోపలికి వెళ్తున్నాయా లేదా? దీనికి నగల దుకాణాల్లో వాడేలాంటి, 0.01 గ్రాము చూపే చిన్న త్రాసు చాలు.

ఇరవై గింజలు తీసుకోండి. పదింటికి నెయిల్ కట్టర్‌తో పెంకు మీద చిన్న గాటు పెట్టండి, లోపలి తెల్లటి భాగం కనపడీ కనపడకుండా. గాటు పెట్టే చోటు ముఖ్యం. గింజ కాయకు అంటుకుని ఉన్న మచ్చకు ఎదురు వైపు పెట్టాలి. పిండం మొదటి వేరు ఆ మచ్చ దగ్గరే ఉంటుంది, అక్కడ గీస్తే వేరే తెగిపోతుంది. మిగతా పదిని అలాగే ఉంచండి. రెండు జట్లనూ తూచి, విడివిడిగా తడి టిష్యూ కాగితంలో 24 గంటలు ఉంచి, పైతడి తుడిచి మళ్లీ తూచండి.

గాటు పెట్టినవి దాదాపు రెట్టింపు బరువెక్కి, పెట్టనివి ఉన్నచోటే ఉంటే అది పెంకు నిద్ర. చిక్కుముడి పెంకులోనే, లోపలి పిండం సిద్ధంగానే ఉంది. తురాయి ఇదే, హవాయి పసుపు మందారం ఇదే. రెండు జట్లూ బరువెక్కి, నెల రోజులైనా మొలవకుండా లోపల గట్టిగా తెల్లగా ఉంటే నిద్ర పిండంలో ఉంది. దానికి వేడినీళ్లు పోస్తే ఉడికించినట్టే. రెండూ బరువెక్కి వారంలో మెత్తబడి వాసన కొడితే అవి ముందే చచ్చాయి.

పెంకు నిద్ర అని తేలాక, తురాయికి నీళ్లు మరిగించి, పొయ్యి మీంచి దించి, రెండు మూడు నిమిషాలు ఆగి, గింజలు వేసి అలాగే చల్లారనివ్వండి. గింజల పరిమాణానికి కనీసం ఐదు రెట్లు నీళ్లుండాలి. తక్కువైతే క్షణాల్లో చల్లారి పని జరగదు. పన్నెండు గంటల తర్వాత ఉబ్బినవి తీసి నాటి, ఉబ్బనివాటికి మళ్లీ అదే. పొయ్యి మీద ఉంచి మరిగించడం వేరు, మరిగిన నీళ్లలో వేయడం వేరు. జనం పొరబడేది ఇక్కడే.

ఈ పెంకులో గట్టి కణాల వరుస ఒకటి, దానిలో ఒకే ఒక్క బలహీన చోటు ఉంటాయి. వేడికి ఆ చోటు తెరుచుకుని నీటికి దారి ఇస్తుంది. చిక్కుడు, మందారం, కుంకుడు కుటుంబాల్లో ఆ చోటు వేర్వేరుగా ఉంటుంది. అందుకే ఒకదానికి అరనిమిషం చాలుతుంది, మరొకదానికి గంట పడుతుంది. మన రాళ్ల గుట్టల మీద పెరిగే బందారు, వృక్షశాస్త్రంలో డోడోనియా విస్కోసా, హవాయిలోనూ స్థానిక మొక్కే. అక్కడి గింజలపై చేసిన పరిశోధనలో మరిగే నీళ్లలో కొద్ది సెకన్ల నుంచి ఒక నిమిషం ముంచితే పెంకు తెరుచుకుంది. మీ అమ్మాయి పసుపు మందారంతో ప్రయోగం చేయాల్సిన పనిలేదు. 1988 నుంచి అది హవాయి రాష్ట్ర పుష్పం, అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి, గింజలు గుప్పెడే దొరుకుతాయి. అలాంటిదానికి వేడినీళ్లు వద్దు, ఒక్కొక్క గింజకూ సాండ్‌పేపర్‌తో గానీ బ్లేడుతో గానీ గాటు పెట్టి నానబెట్టడమే మేలు. వేడినీళ్లలో గింజకూ గింజకూ తేడా ఉండి పదిలో రెండు ఉడుకుతాయి. కిలోల్లో ఉన్నప్పుడు ఆ నష్టం భరించవచ్చు, పన్నెండు గింజలే ఉన్నప్పుడు కాదు.

గంధకామ్లంలో ముంచి పెంకు కరిగించవచ్చా అని కూడా రాశారు. ప్రయోగశాల కానిచోట వద్దు. నెయిల్ కట్టర్ చేసే పనికి యాసిడ్ దేనికి?

ప్రశ్న: డోడో పక్షి అంతరించడంతో మారిషస్‌లో ఒక చెట్టు మొలవడం మానేసిందని పిల్లలకు పాఠం చెబుతుంటాం. నిజమేనా? (ఉపాధ్యాయిని, మౌలాలి)

జవాబు: కథ బాగుంటుంది, కానీ నిలవలేదు. 1977లో స్టాన్లీ టెంపుల్ అనే శాస్త్రవేత్త టంబలకోక్ చెట్టు గురించి రాశారు. 13 ముసలి చెట్లే మిగిలాయని, అవన్నీ 300 ఏళ్లు దాటినవని, డోడో కందనకాయలో నలిగితే తప్ప దాని రాయిలాంటి టెంక తెరుచుకోదని ఆయన వాదన. టర్కీ కోళ్లకు 17 టెంకలు మింగించారు. ఏడు నలిగి పోయాయి. మిగిలిన పదిలో మూడు మొలిచాయి. పిల్లలకు ఇక్కడే ఒక ప్రశ్న వేయండి: కోడికి పెట్టకుండా పక్కన నాటిన టెంకలు ఎన్ని? సమాధానం సున్నా. పోల్చడానికి రెండో జట్టే లేదు.

తర్వాత తేలినవి ఇవి: ఆ టెంక చుట్టూ పుట్టుకతోనే ఒక చీలిక గీత ఉంది. లోపలి గింజ ఉబ్బినప్పుడు ఆ గీత వెంట మూతలా ఊడుతుంది, ఏ అరుగుదలా అక్కర్లేదు. 1977కు ముందే అలా మొలిచిన దాఖలాలున్నాయి. చెట్లు 13 కాదు, అంతకంటే చాలా ఎక్కువ, వాటిలో వయసు తక్కువవీ ఉన్నాయి. చెట్టు తగ్గడానికి అడవుల నరికివేత, బయటి నుంచి వచ్చిన కోతులు, పందులు, జింకలు కారణాలు.

అలాగని జంతువు కడుపుకు పాత్రే లేదనుకోకూడదు. మారిషస్ తీరంలోని ఇల్ ఒ ఎగ్రెట్ అనే చిన్న దీవిలో 2000 నుంచి అల్డాబ్రా పెద్ద తాబేళ్లను వదిలారు. అక్కడి నల్లచేవ చెట్టు, అంటే మన తుమికి చుట్టం, దాని పండ్లు అవి తిని విసర్జించిన గింజలు తినని పండ్లలోని గింజల కన్నా బాగా మొలిచాయి. గలాపగోస్ అడవి టమాటా కూడా అంతే. తాబేలు కడుపు దాటిన గింజలు మొలుస్తాయని 1961లోనే రిక్, బౌమన్ అనే ఇద్దరు చూపారు. విత్తన బ్యాంకుల వాళ్లకు తాబేలు ఎక్కడ దొరుకుతుంది? సుమారు 2.7 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో, అంటే సగానికి సగం నీళ్లు కలిపిన బట్టల బ్లీచ్‌లో, అరగంట నుంచి గంట ఉంచి, ధారగా పారే నీళ్లలో బాగా కడిగి నాటుతారు. పెంకు పల్చబడుతుంది.

ప్రశ్న: మా తాతగారి నాటి కమండలం ఒకటి ఉంది. సముద్రపు కొబ్బరి అంటారు. దాన్ని నాటితే మొలుస్తుందా?
(చిక్కడపల్లి)

జవాబు: మొలవదండీ. అది ఖాళీ చిప్ప. కోకో డి మేర్ అనే ఈ జంట కొబ్బరి సీషెల్స్‌లోని ప్రాలిన్, క్యూరియస్ దీవుల్లో మాత్రమే సహజంగా పెరుగుతుంది. లోకంలోకెల్లా పెద్ద విత్తనం ఇదే, 15 కిలోలు దాటినవి ఉన్నాయి. పచ్చిగా, బతికి ఉన్నప్పుడు అది నీళ్లలో మునుగుతుంది. లోపల కుళ్లి డొల్లయితేనే తేలుతుంది. పూర్వం మాల్దీవుల ఒడ్డుకు, మన తీరాలకు కొట్టుకొచ్చినవన్నీ అందుకే చచ్చినవి. బతికిన గింజ కూడా మొలకెత్తడానికి నెలలు తీసుకుంటుంది, మొలకను తాడులాంటి కాడతో కొన్ని మీటర్ల దూరం తోసి అక్కడ నాటుకుంటుంది. మధ్యలో గింజను కదిలిస్తే అంతే సంగతులు. కోల్‌కతా పక్కన హౌరాలోని బొటానిక్ గార్డెన్‌లో 1894లో ఒక చెట్టు నాటారు.

ప్రశ్న: జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే మొక్కల హార్మోన్‌తో మొండి గింజలు కూడా మొలుస్తాయని వీడియోల్లో చూశాను. ఎరువుల దుకాణంలో సీసా కొని, మూత లెక్కన కలిపి నానబెట్టాను. తేడా ఏమీ లేదు. (మియాపూర్)

జవాబు: పొలాలకు అమ్మే సీసా మీద చాలావాటికి 0.001 శాతం అని ఉంటుంది. లెక్క వేస్తే అది పది పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో పది. మీరు దాన్ని ఇంకా పలచన చేశారు. నిద్ర లేపడానికి వాడే మోతాదు సాధారణంగా 100 నుంచి 500 పీపీఎం మధ్య. ఆ సీసాతో అది సాధ్యం కాదు.

కోఠి వైపు ల్యాబ్ రసాయనాల దుకాణాల్లో 90 శాతం పొడి అడగండి. 56 మిల్లీగ్రాముల పొడిని నాలుగైదు చుక్కల సర్జికల్ స్పిరిట్‌లో కరిగించి, 100 మిల్లీలీటర్ల ఆర్వో నీళ్లు పోస్తే 500 పీపీఎం. నేరుగా నీళ్లలో వేస్తే ముద్ద కట్టి తేలుతుంది. బోరు నీళ్లు వద్దు, మన బోర్లలో ఉన్న సున్నం దేన్నైనా పాడుచేస్తుంది. దీన్ని పలచన చేసి 250, 100 కూడా తయారు చేసుకుని, పక్కన ఉత్త నీళ్ల జట్టు ఒకటి పెట్టుకోండి. స్పిరిట్ చుక్కలు ఆ నీళ్లలోనూ వేయాలి, లేకపోతే తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు. 24 గంటలు నానబెట్టి, కడిగి నాటాలి. మిగిలిన ద్రావణం ఫ్రిజ్‌లో ఒక వారం, అంతకుమించి నమ్మకండి. మోతాదు ఎక్కువైతే మొలకలు తెల్లగా, దారంలా సాగి పడిపోతాయి. ఎక్కువ వేస్తే ఎక్కువ ఫలితం రాదు.

ఇంతకీ మీరు ఏ గింజలకు వాడారో రాయలేదు. పెంకు గట్టిగా ఉన్న రకమైతే అసలు మందు లోపలికే వెళ్లి ఉండదు. వనస్థలిపురం వారికి చెప్పిన త్రాసు పరీక్ష మీకూ వర్తిస్తుంది.

ప్రశ్న: హవాయి మొక్క బ్రిగామియా గింజలు స్నేహితుడు బొటానికల్ గార్డెన్ నుంచి పత్రాలతో సహా తెచ్చాడు. ఆవగింజలో సగం కూడా లేవు. మట్టిలో వేస్తే మాయమయ్యాయి.
(అత్తాపూర్)

జవాబు: మట్టి కప్పి ఉంటారు. లొబీలియా కుటుంబంలో ఈ దుమ్ములాంటి గింజలకు వెలుతురు కావాలి, పైన అర సెంటీమీటరు మట్టి పడినా చీకటే. జల్లెడ పట్టిన కోకోపీట్, సన్న పెర్లైట్ సమానంగా తడిపి, అదిమి, గింజల్ని పొడి ఇసుకతో కలిపి పైన చల్లి వదిలేయండి. కింద పళ్లెంలో నీళ్లు పోసి పైకి పీల్చుకోనివ్వాలి. పైనుంచి పోస్తే కొట్టుకుపోతాయి. మూతలా పారదర్శకమైన స్వీట్ డబ్బా. 20 నుంచి 25 డిగ్రీలు ఉండాలి కాబట్టి మనకు అక్టోబరు చివర గానీ ఫిబ్రవరి గానీ అనువు. మేలో మాత్రం ప్రయత్నించకండి.

కవాయి దీవి కొండకొమ్ముల్లో ఇవి అడవిలో దాదాపు లేనట్టే. వీటి పూలకు పుప్పొడి మోసే చిమ్మటే కనుమరుగైందని భావిస్తున్నారు. వృక్షశాస్త్రజ్ఞులు తాళ్లు కట్టుకుని కొండకు వేలాడి చేత్తో పరాగ సంపర్కం చేశారు. మీ దగ్గర రెండు మొక్కలైనా పెరిగితే చిన్న కుంచెతో ఒకదాని పుప్పొడి ఇంకొకదానికి అందించండి.

ప్రశ్న: మా సైకస్ మొక్కకు గింజలు గంపెడు కాశాయి. నీళ్లలో వేస్తే అన్నీ తేలాయి. చచ్చినవేనా?
(మేడ్చల్)

జవాబు: తేలడం ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. అండమాన్, నికోబార్ తీరాల్లో పెరిగే సైకస్ రకాల్లో కొన్నిటి గింజలో బెండులాంటి పొర ఉంటుంది, అవి సముద్రం మీద తేలుతూ వెళ్లడానికే తయారైనవి. మంచి గింజ కూడా తేలుతుంది. మరోవైపు సైకస్‌లో ఆడ, మగ మొక్కలు వేరు. దగ్గర్లో మగ శంకువు లేకపోయినా ఆడమొక్క గింజలాంటిదాన్ని పూర్తి సైజుకు పెంచేస్తుంది. పైకి నిండుగా, లోపల పిండం లేకుండా. మీ పేటలో మగ మొక్క ఎక్కడుందో ముందు వాకబు చేయండి.

అనుమానం తీరాలంటే ఐదింటిని రంపంతో నిలువుగా కోసి చూడండి. మధ్యలో పిండం ఉండే గది, దానిలో తెల్లటి దారంలాంటిది కనిపించాలి. కొత్తగా రాలిన గింజలో పిండం మరీ చిన్నదిగా ఉండి కనపడకపోవచ్చు, సైకస్ పిండం రాలిన తర్వాత కూడా నెలల తరబడి పెరుగుతుంది. కాబట్టి పైగుజ్జు తీసి, నీడలో, కాస్త తేమగా ఉన్న కోకోపీట్‌లో నాలుగైదు నెలలు ఉంచాక మరోసారి కోసి చూడటం న్యాయం. నాటేటప్పుడు గింజను పడుకోబెట్టి సగం వరకే పూడ్చాలి. గుజ్జు, గింజ రెండూ విషం. గ్లౌజులు వేసుకోండి, ఇంట్లో కుక్క ఉంటే దానికి అందనివ్వకండి, ఒకటి రెండు గింజలతోనే ప్రాణం పోతుంది.

ల్యాబ్ అందుబాటులో ఉన్నవారికి టెట్రాజోలియం పరీక్ష ఉంది. నానిన గింజను పిండం తెగేలా చీల్చి, ఒక శాతం ద్రావణంలో 30 డిగ్రీల దగ్గర చీకట్లో ఉంచితే బతికిన కణజాలం ఎర్రబడుతుంది, చచ్చింది తెల్లగా ఉండిపోతుంది.

పిండం లేని గింజలు దీవి మొక్కలకు పెద్ద బెడద. రోడ్రిగ్స్ దీవిలో కఫే మరోన్ అనే జాతిలో ఒకే ఒక్క చెట్టు మిగిలింది. దాని కొమ్మను 1986లో లండన్ క్యూ గార్డెన్స్‌కు పంపితే వేరు పట్టి ఏళ్ల తరబడి పూసింది, గింజ మాత్రం కట్టలేదు. 2003లో కార్లోస్ మగ్దలేనా అనే ఉద్యానవేత్త కీలాగ్రం (పువ్వులో పుప్పొడిని అందుకునే కొస) పైభాగం కోసి పుప్పొడి పెట్టడం వంటి ఎన్నో ప్రయత్నాల తర్వాతే కాయ నిలిచింది. మీకంత శ్రమ అక్కర్లేదు, పక్క వీధిలో మగ మొక్క దొరికితే చాలు.

ప్రశ్న: ఎర్రచందనం కాయలు వంద వేస్తే ఐదే మొలిచాయి. అండమాన్ పడౌక్ కూడా వేయాలనుంది. ఉపాయం చెప్పండి.
(ఘట్‌కేసర్)

జవాబు: ఇద్దరూ ఒకే ఇంటివాళ్లే, టెరోకార్పస్ ప్రజాతి. ఒకటి శేషాచలం, వెలిగొండ, లంకమల వంటి కొండలకే పరిమితం, మరొకటి అండమాన్ దీవులకు. కొండల వరుస కూడా చుట్టూ మైదానం ఉన్న దీవి లాంటిదే కదా. రెండింటిలోనూ అడ్డం గింజది కాదు, కాయ గోడది. రెక్కల అంచు కత్తిరించి, నడుమ భాగాన్ని పలచటి పేడనీళ్లలో 72 గంటలు నానబెట్టి, కడిగి, జూన్ మొదట్లో ఇసుక మడిలో వేయండి. ఓపిక ఉంటే కాయ చీల్చి గింజ తీసి వేయడం ఇంకా మంచిది, పది పదిహేను రోజుల్లో తేలిపోతుంది. చీల్చినప్పుడు మరో సంగతి బయటపడుతుంది: చాలా కాయలు ఖాళీవే. మీ వందలో ఎన్ని ఖాళీవో తెలియకుండా ఐదు శాతం అని గింజను నిందించలేం. గత ఏడాది కాయలు వద్దు.

ప్రశ్న: అరుదైన మొక్కల గింజలు మిగిలితే ఫ్రీజర్‌లో పెట్టొచ్చా?
(రాజేంద్రనగర్)

జవాబు: ఎండబెట్టగలిగినవైతేనే. ఎండినా బతికేవి, ఎండితే చచ్చేవి అని విత్తనాలను 1973లో రాబర్ట్స్ రెండుగా విడదీశారు. మామిడి, పనస, సాల చెట్టు చుట్టమైన తంబజాలారి రెండో రకం, వీటిని దాచడమంటే నాటడమే. పప్పులు, తురాయి, బందారు మొదటి రకం. కాఫీ లాంటివి నడుమ ఎక్కడో ఉంటాయి, కాస్త ఎండుతాయి గానీ గడ్డకట్టే చలికి తట్టుకోవు. హవాయి విత్తనాల మీద జరిగిన పెద్ద పరిశీలనలో కాఫీ కుటుంబం, లొబీలియా కుటుంబం, తుంగల్లో చాలా జాతులు మైనస్ 18 డిగ్రీలలో కంటే మామూలు ఫ్రిజ్ చలిలో, అంటే 5 డిగ్రీల దగ్గర, ఎక్కువ కాలం బతికాయి. లోకమంతా నమ్మిన ఫ్రీజర్ సూత్రం దీవి మొక్కల దగ్గర బెడిసికొట్టింది. అందుకని తెలియని జాతి అయితే సగం ఫ్రిజ్‌లో, కొన్ని మాత్రమే ఫ్రీజర్‌లో పెట్టి చూడాలి, మొత్తం ఒకేచోట కాదు.

ఎండబెట్టడానికి మన ఏప్రిల్ మధ్యాహ్నాలు వరం, గాలిలో తేమ బాగా పడిపోతుంది. నీడలో, ఫ్యాన్ కింద, వారం. ఎండలో వద్దు. వానాకాలంలో అయితే గింజల బరువుకు సమానంగా సిలికా జెల్ వేసి గాజు సీసాలో రెండు మూడు వారాలు, రంగు మారినప్పుడల్లా జెల్ మార్చాలి. ఎండిందో లేదో చూడటానికి ఇంటి చిట్కా: పొడి ఉప్పు, గింజలు సీసాలో వేసి పావుగంట తర్వాత ఊపండి. ఉప్పు గాజుకు అంటితే ఇంకా తేమ ఉన్నట్టే. ఆ పరీక్ష గింజలు మళ్లీ దాచకండి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను బయటి వేడికి వచ్చేదాకా తెరవొద్దు, లోపల నీరు పట్టేస్తుంది.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో "కోకో డి మేర్ విత్తనం", "నీలం సైకస్ గింజలు" అమ్ముతున్నారు. కొనవచ్చా? (కూకట్‌పల్లి)

జవాబు: వద్దు. విదేశీ విత్తనానికి దిగుమతి అనుమతి, ఎగుమతి చేసే దేశం ఇచ్చే ఫైటోశానిటరీ (మొక్కల ఆరోగ్య) పత్రం రెండూ ఉండాలని 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు చెబుతుంది. కవరులో వచ్చేవాటికి సాధారణంగా రెండూ ఉండవు. పైగా కోకో డి మేర్ కవరులో పట్టదు.

ప్రశ్న: మొలవని ట్రేను ఎంతకాలం ఉంచాలి?
(బోయిన్‌పల్లి)

జవాబు: తాటి జాతులకు ఏడాది. పెంకు గింజలైతే గాటు పెట్టిన నెల తర్వాత తవ్వి, కోసి చూడండి. నిద్ర పిండంలో ఉన్నవాటికి ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడవనివ్వాలి. పూర్తిగా ఎండనివ్వకండి, మూత తీయడం మరచి ఉడకనివ్వకండి. జాతి పేరు, తేదీ, చేసిన చికిత్స ట్రేలో గుచ్చిన పేరు పట్టీ మీద పెన్సిల్‌తో రాయండి. మార్కర్ రాత మే ఎండకు వెలిసిపోతుంది, జూన్‌లో ఏ ట్రే ఏదో తెలియదు.